ఎర్నింగ్స్ కాల్స్‌తో బిజినెస్ ఇంగ్లీష్: ఎకనామిక్స్ విద్యార్థులకు ఎంతవరకు పనికొస్తాయి? (చాలాకాలం వాడాక సమీక్ష)

బిజినెస్ ఇంగ్లీష్ నేర్పే కోర్సుల్లో ఎక్కువ భాగం కల్పిత కంపెనీలు, కల్పిత మీటింగుల మీద నడుస్తాయి. ఎకనామిక్స్ విద్యార్థికి అవి తొందరగా విసుగు పుట్టిస్తాయి. అమ్మకాలు 8 శాతం పెరిగాయని అక్కడ రాసి ఉంటుంది గానీ, ధర పెరగడం వల్లా, పరిమాణం పెరగడం వల్లా, మారకం రేటు మారడం వల్లా అని అడిగితే ఆ పుస్తకంలో జవాబు దొరకదు. అందుకే చాలాకాలంగా కోర్సు పుస్తకాలు పక్కన పెట్టి, లిస్టెడ్ కంపెనీల ఎర్నింగ్స్ కాల్స్‌నే పాఠాలుగా వాడుతున్నాం. త్రైమాసిక ఫలితాలు ప్రకటించాక యాజమాన్యం అనలిస్టులతో (షేర్లను విశ్లేషించేవాళ్లతో) జరిపే గంటసేపటి ఫోన్ సంభాషణే ఎర్నింగ్స్ కాల్. వినడానికీ, అడగడానికీ, అడిగినదానికి నిలబడి జవాబివ్వడానికీ ఇంతకన్నా మంచి ఉచిత సామగ్రి మాకు కనబడలేదు. రాయడం మాత్రం వీటితో రాదు. ఆ లోటు ఎలా పూడ్చుకోవాలో కింద చెబుతాం.

ముందు ఇవి ఎక్కడ దొరుకుతాయో చూద్దాం. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లిస్టింగ్ నిబంధనల ప్రకారం ఫలితాల కాల్ రికార్డింగును మరుసటి ట్రేడింగ్ రోజు మొదలయ్యేలోపు గానీ, కాల్ ముగిసిన 24 గంటల్లోపు గానీ, ఏది ముందైతే అప్పటికి బయటపెట్టాలి. మాటల రాతప్రతిని 5 పనిదినాల్లో పెట్టాలి. 2022 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి. కంపెనీ వెబ్‌సైట్లో ఇన్వెస్టర్ల పేజీకి వెళితే ప్రెస్ రిలీజ్, ఫ్యాక్ట్ షీట్ (ముఖ్య అంకెల పట్టిక), ఆడియో, ట్రాన్‌స్క్రిప్ట్ నాలుగూ ఒకేచోట ఉంటాయి. అక్కడ కనబడకపోతే స్టాక్ ఎక్స్ఛేంజ్ అయిన బీఎస్ఈ సైట్లో కంపెనీ పేరు కొట్టి ప్రకటనల విభాగంలో వెతకాలి. ఫీజు లేదు, లాగిన్ లేదు. గంట ఆడియో సాధారణంగా 30 ఎంబీకి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి రోజువారీ మొబైల్ డేటా సరిపోతుంది.

కాల్ నడిచే తీరు దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఆపరేటర్ స్వాగతం చెప్పి, అందరి లైన్లూ వినడానికే తెరిచి ఉన్నాయని ప్రకటిస్తారు. తర్వాత భవిష్యత్తు గురించి చెప్పే మాటలకు పూచీ లేదనే హెచ్చరిక చదువుతారు. ఆపై సీఈఓ, సీఎఫ్ఓ (ఆర్థిక వ్యవహారాల అధిపతి) పావుగంట నుంచి 25 నిమిషాల దాకా రాసుకొచ్చింది చదువుతారు. మిగతా సమయమంతా ప్రశ్నోత్తరాలే. చాలామంది మొదటి భాగం విని ఆపేస్తారు, అందులో భాష శుభ్రంగా ఉంటుందని. అసలు సరుకు రెండో భాగంలో ఉంది. రాసుకొచ్చిన ఇంగ్లీష్‌కీ, ఎదుటివాళ్లు గుచ్చి అడిగినప్పుడు నోట వచ్చే ఇంగ్లీష్‌కీ ఉన్న తేడా అక్కడే వినబడుతుంది.

వాడే క్రమం మేం ఇలా స్థిరపరుచుకున్నాం. మొదట ప్రెస్ రిలీజ్ చదివి ఎనిమిది అంకెలు నోట్‌బుక్‌లో రాసుకోవాలి: ఆదాయం, గత ఏడాది ఇదే త్రైమాసికంతో పోలిస్తే వృద్ధి, గత త్రైమాసికంతో పోలిస్తే వృద్ధి, నిర్వహణ మార్జిన్ (ఆదాయంలో నిర్వహణ లాభం శాతం), నికర లాభం, ముఖ్యమైన రెండు ప్రాంతాల వాటా, వచ్చే కాలానికి ఇచ్చిన గైడెన్స్ (కంపెనీ సొంత అంచనా). గైడెన్స్ ఇవ్వని కంపెనీలూ చాలా ఉన్నాయి. అప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేయాలి. తర్వాత సీఎఫ్ఓ మాట్లాడే పది నిమిషాలు ట్రాన్‌స్క్రిప్ట్ చూడకుండా వినాలి. విన్న అంకెలను పక్క వరుసలో రాసి, ముందు రాసుకున్నవాటితో సరిచూసుకోవాలి. రెండో విడత ట్రాన్‌స్క్రిప్ట్ చేతిలో పెట్టుకుని వినాలి. మామూలు ఇంగ్లీష్ పాఠంలో విన్నది సరిగ్గా పట్టుకున్నామో లేదో చెప్పడానికి టీచర్ కావాలి. ఇక్కడ ప్రెస్ రిలీజే ఆ పని చేస్తుంది.

ఈ దశలో తప్పులు ఎక్కువగా రెండుచోట్ల వస్తాయి. మొదటిది 15, 50 లాంటి జంటలు. ఫిఫ్టీన్‌లో నొక్కు రెండో భాగం మీద, ఫిఫ్టీలో మొదటి భాగం మీద పడుతుంది. తెలుగులో నొక్కు వల్ల మాట అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. పైగా పాత తరహా ఫోన్ లైన్ 3,400 హెర్ట్జ్ దాటిన ధ్వనిని కత్తిరించేస్తుంది. ఎస్, ఎఫ్ ధ్వనులను విడదీసి చూపే భాగం చాలావరకు ఆ పైనే ఉంటుంది. అందుకే రికార్డింగులో సిక్స్‌టీ, ఫిఫ్టీ కూడా కలిసిపోతాయి. చెవి మోసం చేసినప్పుడు లెక్కతో పట్టుకోవాలి. మార్జిన్ 50 బేసిస్ పాయింట్లు (శాతం పాయింటులో నూరో వంతు ఒక బేసిస్ పాయింటు) పెరిగిందా 15 పెరిగిందా అన్నది గత త్రైమాసికపు మార్జిన్ పక్కన పెడితే తేలిపోతుంది.

రెండోది శాతం, శాతం పాయింటు కలిసిపోవడం. 2025 జూన్‌లో ఆర్‌బీఐ రెపో రేటును (బ్యాంకులకు తాను అప్పిచ్చే వడ్డీ రేటును) 6.00 నుంచి 5.50కి తగ్గించింది. అది 50 బేసిస్ పాయింట్లు, అంటే అర శాతం పాయింటు. రేటు అర శాతం తగ్గిందంటే కచ్చితంగా చూస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే 6 మీద అర తగ్గడమంటే 8.3 శాతం తగ్గడం. గ్రూ బై, గ్రూ టు దగ్గర తడబడేవాళ్లు ముందు తెలుగులో చెప్పుకుంటే చాలు. 5 శాతం పెరిగింది అంటే బై, 5 శాతానికి పెరిగింది అంటే టు.

ఐటీ కంపెనీల కాల్స్‌లో ప్రతి రెండు నిమిషాలకూ వినబడే మాట కాన్‌స్టంట్ కరెన్సీ. దీని నిర్వచనం బట్టీ పట్టడం దండగ, ఒక్కసారి లెక్క వేసి చూడాలి. ఒక కంపెనీకి నిరుడు యూరప్‌లో 100 యూరోల ఆదాయం, అప్పటి రేటు యూరోకు 1.10 డాలర్లు అనుకుందాం. డాలర్లలో 110. ఈ ఏడాది ఆదాయం 103 యూరోలు, రేటు 1.05. డాలర్లలో 108.15. పుస్తకాల్లో 1.7 శాతం తగ్గుదల కనిపిస్తుంది, పాత రేటుతో లెక్కిస్తే 3 శాతం వృద్ధి, ఇదే కాన్‌స్టంట్ కరెన్సీ వృద్ధి. ఈ రెండు వాక్యాలనూ ఇంగ్లీష్‌లో, ఒకదాని తర్వాత ఒకటి, తడబడకుండా నోటితో చెప్పగలగాలి. దీన్ని ఇన్ఫోసిస్, టీసీఎస్ ఫలితాలతో సాధన చేయడం సులువు, రెండూ ఈ తరహా వృద్ధిని విడిగా చెబుతాయి.

ప్రశ్నోత్తరాల భాగం నుంచి ఒక కాల్‌కి రెండే రెండు ప్రశ్నలు తీసుకోవాలి, ఎక్కువ వద్దు. అనలిస్టు ప్రశ్న ఎలా కట్టాడో గమనించాలి. మంచి ప్రశ్నలో ముందు కంపెనీ చెప్పిన అంకె ఒకటి వస్తుంది, తర్వాత దానికి పొసగని ఇంకో అంకె, చివర ఒక్క వాక్యంలో ప్రశ్న. మన విద్యార్థులు సెమినార్లలో అడిగే ప్రశ్నలు ఎక్కువగా మూడు నిమిషాల వ్యాఖ్యానంతో మొదలై ప్రశ్న రాకుండానే ముగుస్తాయి. ఆ అలవాటును ఈ మూడు ముక్కల కట్టుబడి బాగా సరిచేస్తుంది. జవాబును కూడా మూడు రకాలుగా గుర్తించాలి: నేరుగా చెప్పింది, సగం చెప్పింది, చెప్పనన్నది. చెప్పనన్న చోట కారణం తెలుసుకోవాలి. ఇంకా బయటపెట్టని, షేరు ధరను కదిలించగల సమాచారాన్ని ఒక్క అనలిస్టుకు చెప్పడం సెబీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలకు విరుద్ధం. వి డోంట్ గివ్ క్వార్టర్లీ గైడెన్స్ అన్న జవాబు కటువుగా వినబడినా అందులో మొరటుతనం లేదు. ఎదుటివాళ్ల మనసు నొప్పించకుండా కాదనడం ఎలాగో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి నమూనాలు మాకు దొరకలేదు.

నమ్మకం ఎంతో తెలిపే మాటలను మెట్లు మెట్లుగా రాసుకోవడం ఈ సామగ్రిలో అన్నిటికన్నా లాభసాటి పని. విల్ అన్నిటికన్నా పైన, దాని కింద ఎక్స్‌పెక్ట్, ఆ కింద షుడ్, అట్టడుగున మే, కుడ్. ఒకే కంపెనీ నాలుగు త్రైమాసికాల ట్రాన్‌స్క్రిప్టులు పక్కపక్కన పెట్టి, ఒకే మార్కెట్ గురించి ఏ మెట్టు మాట వాడారో చూస్తే గిరాకీ ఎటు పోతోందో అంకెల కన్నా ముందే తెలిసే సందర్భాలున్నాయి. ఎకనామెట్రిక్స్ చేసేవాళ్లకు ఇది చిన్న ప్రాజెక్టు కూడా అవుతుంది.

ఇక సంస్కృతుల మధ్య తేడాల సంగతి. ఈ తేడాల గురించిన పాఠాల్లో, దేశాల సంస్కృతులకు డచ్ పరిశోధకుడు హాఫ్‌స్టెడ్ ఇచ్చిన స్కోర్లు తప్పకుండా చెబుతారు: అధికార దూరంలో (పైవాళ్లకూ కిందివాళ్లకూ మధ్య అంతరాన్ని జనం ఎంత మామూలుగా తీసుకుంటారో చూపే కొలతలో) భారత్‌కు 77, అమెరికాకు 40. ఆ అంకెల పునాది 1960ల చివర, 70ల మొదట్లో ఐబీఎం ఉద్యోగుల మీద జరిపిన సర్వే. అవి దేశాల సగటులు. సగటును పట్టుకుని ఎదుట కూర్చున్న మనిషిని అంచనా వేయకూడదని స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పరీక్షలో రాయడానికి అవి చాలు, పనికి చాలవు. కాల్స్‌లో అయితే తేడా చెవికే తెలుస్తుంది. మన దేశంలో మధ్యస్థాయి కంపెనీ కాల్ వినండి: కంగ్రాచులేషన్స్ ఆన్ ఎ గుడ్ సెట్ ఆఫ్ నంబర్స్ సర్ అంటూ మొదలై, ప్రతి వాక్యానికీ సర్ తగులుతుంది. అమెరికా కంపెనీ కాల్‌లో ఎంత పెద్ద సీఈఓనైనా మొదటి పేరుతోనే పిలుస్తారు, థ్యాంక్స్ ఫర్ టేకింగ్ మై క్వశ్చన్ అని నేరుగా విషయంలోకి దిగుతారు. రెండూ మర్యాదలే. గారు అనకుండా పెద్దవాళ్లను పిలవడానికి మన నోరు రాదు. కాబట్టి మొదటి మెయిల్‌లో ఇంటిపేరుతో మిజ్ (Ms) అనో మిస్టర్ అనో రాసి, వాళ్లు మొదటి పేరుతో సంతకం చేస్తే రెండో మెయిల్ నుంచి మొదటి పేరుకు మారడం సురక్షితమైన పద్ధతి.

హైదరాబాద్‌లోని గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లలో (విదేశీ కంపెనీలు తమ పనుల కోసం ఇక్కడ నడిపే సొంత కార్యాలయాల్లో) చేరే ఎకనామిక్స్ పట్టభద్రులకు దీనికన్నా పెద్ద చిక్కు ఒకటుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఆఁ, సరేనండీ అంటూ ఉండటం మనకు వింటున్నామని చెప్పే పద్ధతి. అదే అలవాటు ఇంగ్లీష్‌లో యెస్, ఓకే యెస్ అయ్యేసరికి అవతలివాళ్లు ఒప్పుకున్నారనే అనుకుంటారు. శుక్రవారానికి రిపోర్టు కావాలన్నప్పుడు వచ్చిన యెస్‌ను హామీగా రాసుకుంటారు. మందు తేలికే. మధ్యలో ఐ సీ, రైట్ అనాలి. చివర తేదీనీ పనినీ మన నోటితో మళ్లీ చెప్పాలి: సో, ద డ్రాఫ్ట్ బై ఫ్రైడే, అండ్ ద ఫైనల్ టేబుల్స్ బై ట్యూస్‌డే. అనలిస్టులు కాల్స్‌లో జస్ట్ టు క్లారిఫై అంటూ చేసేది ఇదే. వాళ్ల మాటలే అరువు తెచ్చుకోవచ్చు.

అంకెల్లోనూ సంస్కృతి ఉంది. 1,250 కోట్లు అంటే 12.5 బిలియన్లు. కొన్ని ఫార్మా కంపెనీల ప్రెస్ రిలీజ్ మిలియన్లలో ఉండి, కాల్‌లో కోట్లలో మాట్లాడతారు, మార్చుకోవడం సాధన చేయడానికి అవి పనికొస్తాయి. మన క్యూ వన్ ఏప్రిల్–జూన్ అయితే, ఆగస్టు 31న ఏడాది ముగించే యాక్సెంచర్‌కు సెప్టెంబర్–నవంబర్. త్రైమాసికం పేరు రాసిన ప్రతిచోటా నెలలు కూడా రాయాలి. తేదీలో నెలను అక్షరాల్లోనే రాయాలి, 03/04 అంటే అమెరికాలో మార్చి 4. అమెరికా గడియారం మార్చి రెండో ఆదివారం మారుతుంది, బ్రిటన్‌ది ఆ నెల ఆఖరి ఆదివారం. మధ్యలో ఉన్న రెండు మూడు వారాల్లో మూడు దేశాల మీటింగు పెట్టేవాళ్లు సమయం గ్రీన్‌విచ్ లెక్కలో కూడా రాస్తే గందరగోళం ఉండదు.

ఇప్పుడు లోపాలు. ట్రాన్‌స్క్రిప్టులను శుభ్రం చేసి పెడతారు: తడబాట్లు, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టిన వాక్యాలు తీసేస్తారు. ఆడియో వినకుండా చదివితే మాట్లాడే భాష రాదు. అంకెలు తప్పుగా టైపైన చోట్లు కూడా తగులుతాయి, ప్రెస్ రిలీజే ప్రమాణం. అంతకన్నా తీవ్రమైనది కారణాలు చెప్పే తీరు. లాభం పెరిగితే మా అమలు బాగుందంటారు, తగ్గితే హెడ్‌విండ్స్ (బయటి ఎదురుగాలులు) అంటారు. ఆ ధోరణి ఎకనామిక్స్ వ్యాసంలోకి జారితే మార్కులు పోతాయి, తర్కమూ పోతుంది. చాలెంజింగ్ మాక్రో ఎన్విరాన్‌మెంట్ అని రాసిన ప్రతిచోటా వడ్డీ రేటా, వేతనమా, దిగుమతి సుంకమా అని పేరు పెట్టి తిరగరాయాలి.

రాత కోసం అయితే ఆర్‌బీఐ ద్రవ్య విధాన కమిటీ మినిట్స్ (సమావేశ వివరాల రాతప్రతి) చదవాలి. సమావేశం తర్వాత 14వ రోజున వస్తాయి, ఆరుగురు సభ్యుల వ్యక్తిగత ప్రకటనలూ అందులో ఉంటాయి. ఒకే గణాంకాలను ఆరుగురు ఆరు రకాలుగా రాయడం ఇంకెక్కడ దొరుకుతుంది? 2024 డిసెంబర్ మినిట్స్‌తో మొదలుపెట్టమంటాం. రెపో రేటు 6.50 దగ్గరే ఉంచాలని నలుగురు, 25 బేసిస్ పాయింట్లు తగ్గించాలని ఇద్దరు. పక్కనున్నవాళ్లను తక్కువ చేయకుండా వాళ్లతో విభేదించడం ఎలాగో ఆ రెండు ప్రకటనల్లో వాక్యవాక్యానికీ చూడొచ్చు. ఒక మెజారిటీ ప్రకటన, ఒక భిన్నాభిప్రాయం తీసుకుని, రెంటినీ 120 పదాల మెయిల్‌గా, విదేశంలో ఉన్న మేనేజర్‌కు రాస్తున్నట్టు కుదించాలి. మొదటి వాక్యంలోనే నిర్ణయం రావాలి, కారణాలు తర్వాత.

డిగ్రీ మొదటి ఏడాది వాళ్లకు, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు, నేరుగా కాల్ ఇవ్వకూడదు. ఒక సెమిస్టర్ పాటు ప్రెస్ రిలీజులూ ఫ్యాక్ట్ షీట్లే చాలు. ఎంఏ వాళ్లు, ఆఖరి ఏడాది బీఏ, బీకాం వాళ్లు కాల్‌తోనే మొదలుపెట్టవచ్చు. మొదటి కాల్‌కి ఇంటి దగ్గర తెలిసిన వ్యాపారాన్ని ఎంచుకోండి. హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న డాక్టర్ రెడ్డీస్ బాగుంటుంది: అమెరికా జనరిక్ మార్కెట్లో ధరల కోత, మారకం రేటు, కొత్త మందుల విడుదల, మూడూ ఒకే గంటలో వస్తాయి. ఐటీ వైపు ఆసక్తి ఉంటే టీసీఎస్, ఇన్ఫోసిస్ ఫలితాలు సాధారణంగా జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల రెండో మూడో వారాల్లో వస్తాయి. రెండు కాల్స్ దగ్గరదగ్గర రోజుల్లోనే ఉంటాయి కాబట్టి, ఒకే మార్కెట్ గురించి ఇద్దరు సీఎఫ్ఓలు ఏ మెట్టు మాటలు వాడారో వెంటనే పోల్చుకోవచ్చు.