డెల్టా నుంచి కొండ ఎక్కాలంటే: క్లబ్‌తో తిరిగిన చోట్లు, దిగిన బసలు

రావులపాలెం నుంచి అంతర్వేది దాకా ఎటు తిరిగినా ఎక్కడానికి ఒక రాయి దొరకదు. వరిచేలు, కొబ్బరితోటలు, కాలవగట్లు, వంతెనలు, అంతే. ధవళేశ్వరం చేరితేగానీ కొండ అన్నది కనపడదు, అక్కడి రాయి కూడా 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర కట్టించిన ఆనకట్టకి పోయింది. అందుకే రాజమండ్రిలో కొండలెక్కే క్లబ్ ఉంది, నేను చేరాను అంటే మా చుట్టాల్లో సగం మంది "గోదావరి ఒడ్డున కొండలేంటే" అన్నారు. ఉంది. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, ఇంజినీరింగ్ చదివే పిల్లలు, ఒకరిద్దరు డాక్టర్లు కలిసి నడుపుకుంటున్నారు. నేను కొత్తపేట నుంచి వస్తాను, మా ఆడపడుచు పాలకొల్లు నుంచి వస్తుంది. వాళ్ళతో వెళ్ళిన చోట్ల గురించి, ఉన్న బసల గురించి, మధ్యలో ఒకసారి వేరే వాళ్ళతో వెళ్ళి చూసినదాని గురించి రాస్తున్నాను. మన వైపు ఆడవాళ్ళు చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఆ సంగతులు కాస్త ఎక్కువే ఉంటాయి.

ముందే ఒకటి చెప్పేస్తాను. చోటు ఎంత బాగుంటుందన్నది తర్వాతి మాట. మీ నడుముకి కట్టిన తాడు రెండో కొస ఎవరి చేతిలో ఉంటుంది, ఆ మనిషికి ఎవరు నేర్పారు అన్నది కనుక్కున్నాకే డబ్బు కట్టండి.

మొదట కోరుకొండ. రాజమండ్రి నుంచి గోకవరం వెళ్ళే దారిలోనే ఉంటుంది, లక్ష్మీనరసింహస్వామి కొండ. క్లబ్‌లో కొత్తగా చేరినవాళ్ళని ఒక ఆదివారం తెల్లవారుజామున ఇక్కడికే తీసుకెళ్తారు. తాళ్ళూ గీళ్ళూ ఏమీ ఉండవు. ఆ రాతిమెట్లు ఎక్కి దిగాలి, అంతే. మెట్లు బాగా నిటారుగా ఉంటాయి, కొన్నిచోట్ల మెట్టు ఎత్తు మోకాలికి దగ్గరగా వస్తుంది, గుడి కాబట్టి చెప్పులు లేకుండా ఎక్కుతాం. మనం పుట్టినప్పటి నుంచి చదును నేల మీద తిరిగినవాళ్ళం, రోజూ ఐదు కిలోమీటర్లు గట్టు మీద నడిచేవాళ్ళకి కూడా ఇక్కడ దిగేటప్పుడు తొడలు వణుకుతాయి. ఎక్కడం కన్నా దిగడమే మోకాళ్ళకి కష్టం అన్న సంగతి ఈ మెట్ల మీద తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు. క్లబ్‌లో నేర్పే సార్ వాళ్ళు ఎవరెంత త్వరగా ఎక్కారని చూడరు, దిగేటప్పుడు పాదం ఎలా వేస్తున్నారో చూస్తారు. ఖర్చు పెట్రోలు, పెసరట్టు ఉప్మా. ఫాల్గుణంలో తీర్థం జరిగే రోజుల్లో మాత్రం వెళ్ళకండి, ఆ జనంలో సాధన కుదరదు. స్వామి దర్శనం కోసమైతే అది వేరే మాట.

ఆ తర్వాత ముడుల క్లాసు. ఒక సభ్యుడి డాబా మీద సాయంత్రం పూట పెడతారు. నాకు ఈ క్లబ్ మీద నమ్మకం కుదిరింది ఇక్కడే. తాళ్ళు రెండు రకాలు చేతికిచ్చి తేడా చూడమన్నారు. ఒకటి సాగేది, పడినప్పుడు ఆ ఊపుని తాడే పీల్చుకుంటుంది కాబట్టి నడుముకి దెబ్బ తగలదు, అందుకే ఎక్కడానికి అది. రెండోది పెద్దగా సాగదు, తాడు పట్టుకుని జారుతూ దిగడానికి, సామాను లాగడానికి. సాగని తాడు కట్టుకుని పైకెక్కి పడితే ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పారు. తర్వాత ఎనిమిది ముడి. తాడుతో ఎనిమిది అంకె వేసి, కొసని హార్నెస్‌లోంచి, అంటే నడుముకీ తొడలకీ బిగించుకునే పట్టీలోంచి తీసి, మళ్ళీ అదే దారిలో ముడి వెంబడి వెనక్కి నడిపించాలి. తాళ్ళు ఒకదాని పక్కన ఒకటి జంటగా పడుకోవాలి, ఎక్కడా ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, కొస జానెడు మిగలాలి. చూడగానే తప్పు కనపడే ముడి కాబట్టే దీన్ని వాడతారట. చీకట్లో తడిమి చూసి సరిగ్గా పడిందో లేదో చెప్పగలిగేదాకా మమ్మల్ని వదల్లేదు.

హార్నెస్ చూడగానే మా ఆడపడుచు "ఇది కల్లుగీసేవాళ్ళ మోకులాగే ఉందే" అంది. ఆ మాట నిజమే. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీతకార్మికులకి కాటమయ్య రక్షణ కవచం పేరుతో ఇచ్చిన కిట్లలో ఇలాంటి నడుము పట్టీ, తాళ్ళే ఉన్నాయి. మన కోనసీమలో కొబ్బరి దింపు తీసేవాళ్ళకి కూడా ఎవరైనా ఇలాంటివి ఇస్తే ఎంత బాగుంటుందో. ప్రతి ఊళ్ళో చెట్టు మీద నుంచి పడి నడుము విరిగినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ ఇళ్ళు ఎలా నడుస్తున్నాయో మనకి తెలియనిది కాదు.

ఆడవాళ్ళకి: చున్నీ ఇంట్లో వదిలేయండి, జడ గట్టిగా ముడి వేసి హెల్మెట్ కిందకి తోసేయాలి. తాడు నడిచే పరికరంలో వెంట్రుకలు ఇరుక్కుంటే కొండ మధ్యలో వేలాడుతూ తీసుకోవాల్సి వస్తుంది. ఉంగరాలు, గాజులు తీసేయాలి. నల్లపూసలు, సూత్రాలు తీయమని ఎవరూ బలవంతం చేయరు గానీ, బట్టల లోపలికి దోపి పిన్ను పెట్టుకోమంటారు. హార్నెస్ బిగించేది మా క్లబ్‌లో ఆడ సభ్యురాలే. వేరేచోట ఇది ముందే అడిగి తెలుసుకోండి, అక్కడికెళ్ళాక ఇబ్బంది పడొద్దు.

ఇక భువనగిరి. మన డెల్టా కాదు, ఇటు చుట్టుపక్కల కూడా కాదు. కానీ గోదావరి జిల్లాల నుంచి తాడు పట్టుకుని రాయి ఎక్కడం పద్ధతిగా నేర్చుకోవాలంటే నేను చెప్పేది ఆ చోటే. రాత్రి రైలెక్కితే పొద్దున సికింద్రాబాద్, అక్కడి నుంచి దాదాపు 50 కిలోమీటర్లు వెనక్కి. కొండంతా ఒకటే బండ, పైన పశ్చిమ చాళుక్యుల నాటి కోట. కింద నిలబడి తలెత్తి చూస్తే ఒక్క అతుకు కనపడదు. ఇక్కడ రాక్ క్లైంబింగ్ స్కూల్ ఉంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట శిక్షణ తీసుకుంది ఈ రాళ్ళ మీదే. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకుంటున్న పిల్లలు వాళ్ళు. మా బ్యాచ్‌లో కాకినాడ నుంచి ఒక టీచరుగారు వచ్చారు, తన స్కూలు పిల్లల్ని తీసుకురావచ్చా లేదా చూడ్డానికి. ఆవిడ బండకి చెయ్యి ఆనించి చాలాసేపు అలా నిలబడిపోయారు.

గ్రానైట్ ఎక్కడం మెట్లెక్కడం లాంటిది కాదు. పట్టుకోవడానికి ఏమీ ఉండదు, బూటు అడుగు రాతికి అతుక్కుని నిలబెట్టాలి. భయంతో మనం రాతిని కావలించుకుంటాం, అలా వంగిన కొద్దీ బూటు జారుతుంది. నడుము రాతికి దూరంగా పెట్టి మడమ దించితే బరువంతా పాదం మీద పడి పట్టు వస్తుంది. నేను సగంలో ఆగిపోయినప్పుడు కింద నుంచి అక్కడి కోచ్ "భయపడకు చెల్లె, మడమ కిందికి దించు, తాడు నా చేతిలనే ఉంది" అన్నారు. దించాను, నిలబడింది. కాలి కింద పట్టు దొరికిన ఆ క్షణం కోసం ఇంత దూరం మళ్ళీ వెళ్ళొచ్చు అనిపించింది. ఎక్కే ముందు ప్రతిసారీ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవాలి: హార్నెస్ బకిల్ వెనక్కి మడిచి ఉందా, ముడి సరిగ్గా ఉందా, తాడు తగిలించే ఇనప కొక్కెం (కారాబినర్) స్క్రూ మూసి ఉందా. తర్వాత "ఎక్కనా?" "ఎక్కు!" అన్న మాటలు గట్టిగా పలికాకే కాలు కదపాలి. పైనుంచి చిన్న పెచ్చు ఊడినా "రాయి!" అని అరవాలి, కిందివాళ్ళు తలెత్తకూడదు. ఎంత అనుభవం ఉన్నవాళ్ళయినా ఇవి మానలేదు.

ఎండాకాలం అసలు వద్దు. చలికాలంలో కూడా ఎండ ఎక్కేకొద్దీ బండ కాలుతుంది కాబట్టి తెల్లారేసరికి కొండ దగ్గర ఉండాలి. మేం బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగాం, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళు పొద్దున ఐదింటికే ఇచ్చారు, రాత్రంతా హారన్ల మోత. పర్లేదు, అలసటకి నిద్ర పట్టేసింది.

మారేడుమిల్లి గురించి ఎక్కువమంది అడుగుతారు. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా 90 కిలోమీటర్ల లోపు. క్లబ్ ఇక్కడ చేయించేది వాగు వెంబడి రాళ్ళ మీద చేతులూ కాళ్ళూ వేసి పైకి పాకడం. ఒకేసారి ఒక చెయ్యో ఒక కాలో మాత్రమే కదలాలి, మిగతా మూడూ రాతి మీదే ఉండాలి. ఇక్కడి రాయి భువనగిరి రాయిలా నమ్మదగ్గది కాదు. తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండే ఖోండలైట్ అనే రాయి వానకీ ఎండకీ పెళుసుబారి, ఎర్రగా మారి, పట్టుకుంటే చేతికి ఊడి వస్తుంది. మాతో దారి చూపించడానికి వచ్చిన కొండరెడ్డి తెగ అన్న ప్రతి పట్టునీ వేలి కణుపులతో తట్టి చూసి, డొల్లగా మోగితే "అది వద్దమ్మా, పక్కది" అనేవాడు. రెండు గంటల తర్వాత నాకూ ఆ తేడా వినపడటం మొదలైంది. వాగులో నల్లటి రాళ్ళ మీద పాచి ఉంటుంది, పొడిగా కనపడినా జారుతుంది. వాగుల సంగతీ, పైన కురిసిన వాన సంగతీ అతనికి తెలిసినట్టు మనకి తెలియదు. ఒకసారి ఇక్కడ మాకు ఎండ కాస్తుంటే, నీటి రంగు మారిందని చెప్పి అందర్నీ గట్టు మీదకి ఎక్కించేశాడు. క్లబ్ సార్ ఒక్క మాట ఎదురు చెప్పకుండా ఆ రోజు ప్రోగ్రాం ఆపేశారు. డబ్బు కట్టి వచ్చాం కదా అని గొణిగినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి సార్ కోపం లేకుండా, కానీ గట్టిగానే చెప్పారు. నాకు మాత్రం ఆ నిర్ణయం తర్వాతే వీళ్ళతో ఎక్కడికైనా వెళ్ళొచ్చనిపించింది.

బస విషయంలో మారేడుమిల్లిలో రెండు రకాలూ చూశాం. అటవీశాఖ తరఫున స్థానిక వన సంరక్షణ సమితి వాళ్ళు చూసుకునే కాటేజీలు నాకు నచ్చాయి, గది మామూలుదే కానీ నీళ్ళు వస్తాయి, గడియ పడుతుంది, వండేది ఊళ్ళోవాళ్ళే. మన డబ్బు అక్కడివాళ్ళకి చేరుతుంది, అది నాకు ముఖ్యం. శని ఆదివారాలకి చాలా ముందే బుక్ చేసుకోవాలి. ఇంకోసారి గదులు దొరక్క ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. ఫొటోల్లో చూసినదానికీ అక్కడున్నదానికీ పొంతన లేదు. టెంట్లలో తడి వాసన, అంతమంది ఆడవాళ్ళకి ఒకటే బాత్‌రూమ్, దానికి లైటు లేదు, రాత్రి ఒంటిగంట దాకా డీజే. పొద్దున ఐదింటికి కొండ ఎక్కాల్సినవాళ్ళకి నిద్ర లేకపోతే అది ప్రమాదం, ఆ మాట చెప్పినా సౌండు తగ్గించలేదు. బొంగులో చికెన్ మాత్రం రోడ్డు పక్కన కళ్ళ ముందు కాల్చేవాళ్ళ దగ్గరే తినండి. పచ్చి వెదురు బొంగు, మూతికి ఆకులు, నూనె చుక్క ఉండదు. ఏజెన్సీ కాబట్టి దోమల మందు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

గుడిసె కొండ సూర్యోదయం చాలా అందంగా ఉంటుంది, గడ్డి కొండల మీద మంచు తేలుతూ. కానీ అది జీపు ప్రయాణం, కొండ ఎక్కడం కాదు. దాన్ని ట్రెక్కింగ్ అని ప్యాకేజీలో కలిపి డబ్బు తీసుకునేవాళ్ళ దగ్గర జాగ్రత్త.

అన్నట్టు, వేరే వాళ్ళతో వెళ్ళానన్నాను కదా. కాలేజీ పిల్లల్ని బస్సుల్లో తెచ్చే ఒక ఈవెంట్ సంస్థ. యాభై మందికి పైగా జనం, తాడు ఒకటి, హెల్మెట్లు పది కూడా లేవు, దిగినవాళ్ళవి తీసి ఎక్కేవాళ్ళకి పెడుతున్నారు. పైన తాడు కట్టింది ఒకే ఒక్క చెట్టుకి, దాని వేళ్ళు సగం మట్టిలోంచి బయటికి ఉన్నాయి. మా క్లబ్‌లో అయితే ఒకటి ఊడినా రెండోది పట్టేలా కనీసం రెండు చోట్ల కడతారు. నేనూ మా ఆడపడుచూ ఎక్కం అని చెప్పి పక్కన కూర్చున్నాం. డబ్బు వెనక్కి ఇవ్వలేదు, పోనీ. ఆ పిల్లలకి ఏమవుతుందోనని సాయంత్రం దాకా టెన్షన్‌తో చూస్తూనే ఉన్నాం. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అమ్మానాన్నలు మూడు వేలు కట్టి పంపే ముందు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగాలి: ఎంతమందికి ఒక శిక్షకుడు, అతను ఎక్కడ నేర్చుకున్నాడు, హెల్మెట్ మనిషికి ఒకటి ఉంటుందా, దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి ఏ బండిలో తీసుకెళ్తారు. చివరి ప్రశ్నకి తడుముకున్నారంటే పంపకండి.

ఇంకో మాట. గౌరీపట్నం, పంగిడి వైపు క్వారీల్లో నిలువు గోడలు చూసి ఇంత దగ్గర్లో ఉండగా అంత దూరం దేనికి అనే కుర్రాళ్ళున్నారు. అది బాంబులు పెట్టి పేల్చిన రాయి, లోపలంతా బీటలే, ఎప్పుడు ఏ ముక్క వస్తుందో చెప్పలేం. మా క్లబ్ అటు చూడనే చూడదు.

జూన్ నుంచి వానలు తగ్గేదాకా క్లబ్ రాళ్ళ మీదకి తీసుకెళ్ళదు. ఆ నెలల్లో ముడుల క్లాసులు, ప్రథమ చికిత్స, వాన లేని ఆదివారాల్లో కోరుకొండ. చేరాలనుకునేవాళ్ళు ఆ సమయంలో చేరితేనే మంచిది, చలికాలం వచ్చేసరికి చేతికి ముడి అలవాటైపోతుంది. బూట్లు వెంటనే కొనకండి, క్లబ్‌వి వాడి చూసి, మీ పాదానికి ఏ సైజు పడుతుందో తెలిశాక తీసుకోండి. హెల్మెట్ మాత్రం కొత్తదే, సొంతదే కొనుక్కోండి.