బహుమతికి లావు ఇంకు పెన్ను: రాజమండ్రి ఎబొనైట్‌ను ఏళ్లుగా వాడాక

పెన్ను బహుమతి అనగానే చాలామంది షాపులో సన్నగా, నిగనిగలాడుతూ, వెల్వెట్ డబ్బాలో ఉన్నదాన్ని ఎంచుకుంటారు. ఎప్పుడో ఒక సంతకం పెట్టే మనిషికి అది సరిపోతుంది. రోజూ పేజీలకి పేజీలు రాసేవాళ్లకి మాత్రం లావు పెన్నే ఇవ్వమంటాను. అదీ రాజమండ్రిలో లేత్ మీద చేత్తో చేసిన ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు) పెన్ను. ఒకటి ఏళ్లుగా నా బల్ల మీద ఉంది. దాని మీద నమ్మకం కుదిరాకే రెండోది కొని మా పిన్నికి ఇచ్చాను. నాకంటే పిన్నే ఎక్కువ రాస్తుంది కాబట్టి ఈ సమీక్షలో ఆవిడ అనుభవానికే పెద్దపీట.

పిన్ని రామకోటి రాస్తుంది. కీళ్లనొప్పులు వచ్చాక వేళ్ల కణుపులు వాచాయి. బాల్ పెన్నుతో పేజీ పూర్తయ్యేలోపే ఆగి చెయ్యి విదిలించుకునేది. బాల్ పెన్నును నొక్కి రాయాలి. సన్నగా ఉంటే జారకుండా బిగించి కూడా పట్టుకోవాలి. ఆ నొక్కుడూ బిగింపూ కలిసే వేళ్లను బాధపెడతాయి. ఇంకు పెన్ను కాగితానికి ఆనితే చాలు, రాస్తుంది. పైగా లావుగా ఉంటే వేళ్లు పూర్తిగా ముడుచుకోనక్కర్లేదు. మొదటిసారి చూడగానే "ఏంట్రా ఇది, రోకలిలా ఉంది! నా చేతికి ఆగుతుందా?" అంది. ఆగింది. ఇప్పుడు ఇంకే పెన్ను చేతికిచ్చినా "ఇది కాదు, నాది ఇటివ్వు" అంటుంది.

అందుకే లావు పెన్ను పెద్ద చేతులవాళ్లకే అనే మాట నేను ఒప్పుకోను. పిన్నిది చిన్న చెయ్యే. కొనేటప్పుడు చూడాల్సింది పెన్ను మొత్తం పొడవు కాదు, వేళ్లు ఆనే చోటు. పాళీకి వెనకాల, మరలకి ముందు ఉండే ఆ భాగం లావు 12 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉంటే హాయిగా ఉంటుంది. ఒళ్లంతా లావుగా ఉండి సరిగ్గా అక్కడే సన్నబడిపోయే పెన్నులు చాలా ఉన్నాయి. ఫొటోలో అది తెలియదు. మరలు కూడా వేలితో తడిమి చూడాలి. పదునుగా ఉంటే పది లైన్లకే బొటనవేలి పక్కన గీరుకుంటాయి.

ఇక బరువు. తక్కువ ధరలో పెద్ద పెన్ను కావాలని ఆన్‌లైన్‌లో వెతికితే ఎక్కువగా కనిపించేవి లోహపు ఒంటివి. చూడ్డానికి దర్జాగా ఉంటాయి, పాళీ కూడా బాగానే రాస్తుంది, ధర ఒక్కోసారి ఆశ్చర్యపోయేంత తక్కువ. కానీ నొప్పి ఉన్న చేతికి ఆ బరువే శత్రువు. పెద్ద పెన్ను తేలిగ్గా ఉండాలి. ఎబొనైట్‌లో నాకు బాగా నచ్చిన గుణం అదే: చేతి నిండా ఉంటుంది, చేతికి భారం కాదు. మూత తీసి పక్కన పెట్టి రాయాలి. వెనక తగిలిస్తే మరీ పొడవై, బరువు వెనక్కి లాగుతుంది.

ఎబొనైట్ అంటే రబ్బరులో బాగా గంధకం కలిపి, వేడిచేసి గట్టిపరిచిన పదార్థం. 1851లో అమెరికాలో నెల్సన్ గుడ్‌ఇయర్ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ప్లాస్టిక్కులు రాకముందు ప్రపంచంలో మంచి పెన్నులన్నీ దాదాపు దీంతోనే చేసేవాళ్లు. లోహంలా చల్లగా తగలదు, చెమట పట్టినా అంతగా జారదు. గట్టిగా రుద్దితే రబ్బరు వాసన సన్నగా వస్తుంది. కొందరికి అది నచ్చదు. నాకిష్టం.

రాజమండ్రికి ఈ విద్య పట్టుబడటం వెనక స్వదేశీ ఉద్యమం ఉంది. విదేశీ పెన్నులకి బదులుగా మన దగ్గరే పెన్ను చెయ్యాలని కె.వి. రత్నం గారు 1930లలో పూనుకున్నారు. ఆయన చేసిన పెన్ను గాంధీజీ సహచరుడు జె.సి. కుమారప్ప గారి ద్వారా గాంధీజీకి చేరింది. వాడి చూశానని, బజారులో దొరికే విదేశీ పెన్నులకి ఇది మంచి ప్రత్యామ్నాయంగా ఉందని గాంధీజీ 1935 జులైలో జాబు రాశారు. అదే ఊళ్లో గైడర్ పెన్నులూ వచ్చాయి. హైదరాబాద్ వాళ్లకైతే అబిడ్స్‌లో డెక్కన్ పెన్ స్టోర్స్ ఎలాగూ తెలుసు. వాళ్ల అడ్వొకేట్ మోడల్ కూడా లావు పెన్నులు ఇష్టపడేవాళ్లు అడిగి కొనుక్కునేదే. ఇలాంటి పెన్ను చేతికిచ్చేటప్పుడు ఈ కథ కూడా చెప్పండి. పిన్ని ఆ జాబు సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది.

ఇంకు విషయానికొస్తే, ఈ పెన్నుల్లో చాలావరకు కన్వర్టర్ (సీసాలోంచి ఇంకు పీల్చుకునే చిన్న గొట్టం) ఉండదు. ఫిల్లరుతో ఒంట్లోకే ఇంకు పోసుకోవాలి. మామూలు కన్వర్టర్‌లో ఒక మిల్లీలీటరు కూడా పట్టదు. లావు ఎబొనైట్‌లో దానికి మూడింతలో, పెన్నుని బట్టి అంతకంటే ఎక్కువో పడుతుంది. రామకోటి రాసేవాళ్లకీ, పోటీ పరీక్షలకి నోట్సు రాసుకునే పిల్లలకీ ఇది పెద్ద సౌకర్యం. రాతలో మునిగి ఉన్నప్పుడు ఇంకు అయిపోయిందనే టెన్షన్ ఉండదు.

కానీ ఈ పద్ధతికి ఒక జబ్బుంది. ఒంట్లో ఇంకు తగ్గేకొద్దీ ఆ ఖాళీలో గాలి చేరుతుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును కిందికి నెడుతుంది. అప్పుడు పెన్ను కక్కుతుంది, కాగితం మీద టప్పున ఒక చుక్క పడుతుంది. మే నెలలో, ఫ్యాను తప్ప ఇంకేమీ లేని గదిలో ఇది బాగా తెలుస్తుంది. ఎబొనైట్ వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు, గోడ కూడా మందంగా ఉంటుంది కాబట్టి పల్చటి ప్లాస్టిక్ పెన్నులంత తరచుగా కక్కదు. అయినా మూడో వంతుకి తగ్గకముందే నింపేస్తే మేలు. పిన్ని శనివారం పూజయ్యాక నింపుకుంటుంది, తగ్గిందా లేదా అని చూడదు. ఒంటి మరలకి కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే అక్కడ ఇంకు ఊరదు.

పాళీ గురించి తెలుగు రాసేవాళ్లు ఇంకొంచెం ఆలోచించాలి. లావు పెన్ను అంటే లావు పాళీ అని కాదు. మన అక్షరాల్లో సున్నాలు, సుడులు, కింద ఒత్తులు. పిన్ని రామకోటి పుస్తకంలో గళ్లు చిన్నవి, కాగితం పల్చన. మొదట మీడియం పాళీతో రాసినప్పుడు "శ్రీ" కింద క్రావడి, పైన గుడి దీర్ఘం రెండూ ఇంకుతో పూడిపోయి మచ్చల్లా కనిపించేవి. వెనక పేజీకి కూడా ఊరేది. ఫైన్ పాళీ వేయించాక క్రావడి వంపు లోపలి తెలుపు మళ్లీ కనిపించింది. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలతో సంతకాలు పెట్టేవాళ్లకి మీడియం, బ్రాడ్ అందంగా ఉంటాయి. తెలుగు రోజూ రాసేవాళ్లకి ఫైన్ అడగండి.

చేతిపని కాబట్టి ఒక పెన్నుకీ ఇంకో పెన్నుకీ తేడా ఉంటుంది. వీలైతే షాపులోనే ఇంకులో ముంచి తెలుగులో నాలుగు లైన్లు రాసి చూడండి. తేలిగ్గా పట్టుకుని రాసినప్పుడు కూడా గీత తెగకూడదు. ఒకసారి నేను పోస్టులో తెప్పించుకున్న పెన్ను ప్రతి మాటకీ మొదటి గీత ఎగరగొట్టేది. పాళీని ఫీడ్ (దాని కింద ఉండి ఇంకు అందించే ముక్క) మీద సరిగ్గా కూర్చోబెట్టించాకే దారికొచ్చింది. బహుమతి పుచ్చుకున్న మనిషికి ఆ తిప్పలు ఉండకూడదు. కొన్నాక మీరే కొన్ని రోజులు రాసి, చల్లటి నీళ్లతో కడిగి, ఆరబెట్టి ఇవ్వండి. వేడినీళ్లు వద్దు, ఎబొనైట్ మెరుపు పోతుంది. ఎండ కూడా పడదు. కిటికీ పక్కన పెట్టడం వల్ల నా నల్ల పెన్ను ఒకవైపు గోధుమరంగుకి తిరిగింది. రాతకేమీ తేడా లేదు గానీ, చూపుకి తెలుస్తుంది.

ఎవరికి వద్దంటే, చొక్కా జేబులో పెట్టుకుని రోజంతా బస్సుల్లో, బైకు మీద తిరిగేవాళ్లకి. లావు వల్ల జేబులో ఇమడదు, కుదుపులకి మూతలోకి ఇంకు చిమ్ముతుంది. ఇంకు పోసుకోవడం చాకిరీ అనుకునేవాళ్లకీ వద్దు. అలాంటివాళ్లకి కన్వర్టర్ పట్టే మోడల్ అడగండి, ఎబొనైట్‌లోనూ దొరుకుతాయి. లామీ సఫారీ కూడా మంచి పెన్నే, తేలిక కూడా. కాకపోతే దాని పట్టు మూడు పలకలుగా ఉంటుంది, వేళ్లు అవి చెప్పినచోటే ఉండాలి. కణుపులు వంగని చేతికి గుండ్రటి పట్టే నయం, ఎటైనా తిప్పుకోవచ్చు.

ఖర్చు మాటకొస్తే, పిన్ని పెన్ను రెండు వేల లోపే వచ్చింది. దాంతోపాటు ఒక బ్రిల్ ఇంకు సీసా, ఒక ఫిల్లరు, తుడుచుకోవడానికి పాత నూలు గుడ్డ ముక్క పెట్టాను. సీసా మూతి వెడల్పుగా ఉన్నది చూసి కొనండి. డ్రాయింగు ఇంకు మాత్రం ఎవరిచ్చినా పొయ్యొద్దని కాగితం మీద రాసి పెట్టండి, ఎండితే ఫీడ్ పూడుకుపోతుంది. నింపడం ఎలాగో ఒక్కసారి మీ చేతులతో చేసి చూపించండి. పెద్దవాళ్లకైతే ఎలాగూ వచ్చు, ఒంటి మర ఎటు తిప్పాలో చూపిస్తే చాలు.