డెకాయ్‌లు జె ఆకారంలోనా, యు ఆకారంలోనా? ఏది మేలు?

టెక్సాస్‌లోని హ్యూస్టన్ నుంచి నాతో బాతుల వేటకు వచ్చే మనవాళ్ళు నవంబర్ రాగానే అడిగే ప్రశ్న ఒకటే. లైసెన్సు, డక్ స్టాంప్ (బాతుల వేటకు కొనాల్సిన అనుమతి స్టాంపు), స్టీల్ గుండ్లు, వేడర్లు (నీళ్ళలో దిగేందుకు తడవని ప్యాంటు-బూట్లు) అన్నీ సమకూర్చుకుని ఉంటారు. రెండు డజన్ల డెకాయ్‌లు, అంటే బాతుల్ని ఆకర్షించడానికి నీటి మీద వేసే ప్లాస్టిక్ బాతు బొమ్మలు కొని, "అన్నా, ఇవి జెలా పరచాలా, యులా పరచాలా?" అంటారు. మూడేళ్ళ క్రితం వరకు యు అనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు జె అంటున్నాను. కారణం వివరంగా చెప్తాను, ఎందుకంటే అన్నిచోట్లా జెనే సరైనది కాదు.

యు అంటే గుర్రపు నాడా. గాలి మన వీపుకు తగులుతుండాలి, నాడా నోరు గాలి పోయే వైపు తెరిచి ఉండాలి. బాతు ఎప్పుడూ గాలికి ఎదురుగానే దిగుతుంది కాబట్టి ఆ నోట్లోంచి నేరుగా మన ముందుకే వస్తుంది. యు రెండు చేతుల మధ్య, మనకు 20, 25 గజాల దూరంలో ఖాళీ వదులుతాం, అక్కడ దిగాలి. పరచడం తేలిక, చీకట్లో కూడా కొలత తప్పదు. ముగ్గురు కూర్చున్నా ముగ్గురికీ సమానంగా అవకాశం వస్తుంది. కొత్తవాళ్ళతో వెళ్ళినప్పుడు ఈ ఒక్క కారణానికే నేను యు వేసిన రోజులున్నాయి.

జె అంటే కొడవలి. ఎక్కువ డెకాయ్‌లు గాలి వచ్చే వైపు వంపులో గుంపుగా వేస్తాం. మిగిలిన ఏడెనిమిదీ పిడిలాగా గాలి పోయే వైపుకు ఒక్కొక్కటిగా, ఆరేడు అడుగుల ఎడంతో సాగదీస్తాం. బాతులు ఆ తోకను పట్టుకుని వచ్చి వంపు లోపలి ఖాళీలో దిగుతాయి. తోక చివర 40 గజాలు దాటినా పర్వాలేదు, ఆ ఖాళీ మాత్రం 25 గజాలకు మించకూడదు. గాలి పక్క నుంచి వీచేటప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఇంతవరకు ఎవరైనా చెప్తారు. నాకు అన్నింటికన్నా ముఖ్యంగా తోచేది వేరు: దిగబోయే బాతు ఆ చివరి పది సెకన్లలో ఎటు చూస్తోంది?

ఎల్ కాంపో వైపు నీళ్ళు నింపిన ఒక వరి పొలంలో ఇది నాకు కళ్ళకు కట్టినట్టు అర్థమైంది. డిసెంబర్ చివర, ఉత్తరపు గాలి. నేనూ మా బావమరిదీ ఉత్తరపు గట్టు మీద, గాలి వీపుకు తగిలేలా కూర్చున్నాం. ముందు 24 డెకాయ్‌లతో యు వేశాం. పొద్దు పొడిచాక ఎనిమిది సూదితోక బాతులు వచ్చాయి. చిన్నప్పుడు కొల్లేటి గట్టున చూసిన జాతే, అదే పొడవాటి మెడ, అదే సన్నటి తోక. (అక్కడ 1972 చట్టం కింద వాటిని వేటాడటం నేరం. ఇక్కడ నేర్చుకున్నది ఇక్కడికే పరిమితం.) రెండు చుట్లు కొట్టాయి. మూడో చుట్టులో రెక్కలు బిగబట్టి నేరుగా నాడా నోటికి ఎదురుగా వచ్చాయి. 60 గజాల దగ్గర, ఎవరో పైనుంచి దారం లాగినట్టు, ఎనిమిదీ ఒక్కసారే నిటారుగా పైకి లేచి వెళ్ళిపోయాయి.

మేం కదల్లేదు, బాతు కూత పెట్టే పీక ఊదలేదు. పక్కకి తిరిగి మా వాణ్ణి చూస్తే విషయం తెలిసింది. మేం దక్షిణం వైపు చూస్తున్నాం. శీతాకాలపు సూర్యుడు ఆగ్నేయం నుంచి సూటిగా ముఖాల మీద పడుతున్నాడు. టోపీ కింద వాడి ముఖం కొత్త రాగి చెంబులా మెరుస్తోంది. యులో బాతు మనకేసి చూస్తూనే దిగుతుంది. డెకాయ్‌ల వెనకే మనం. అది డెకాయ్‌ను చూసిన ప్రతిసారీ మనల్నీ చూస్తోంది.

అప్పుడు తూర్పు గట్టుకు మారాం. పడమర ముఖంగా కూర్చుంటే సూర్యుడు వీపు వెనక్కి వెళ్ళాడు, గాలి కుడి చెంప మీదికి వచ్చింది. అవే డెకాయ్‌లతో కొడవలి వేశాం, వంపు కుడివైపు, తోక ఎడమవైపు. ముప్పావు గంట తర్వాత అయిదు గాడ్వాల్ బాతులు ఎడమ నుంచి తోక వెంట వచ్చాయి. రెక్కలు గిన్నెల్లా వంచాయి, పసుపు కాళ్ళు కిందికి వేలాడాయి, రెక్కల మీది తెల్లటి మచ్చ విడిగా కనిపించేంత దగ్గర. వాటి చూపంతా ఎదురుగా ఉన్న వంపు మీదే ఉంది. 20 గజాల దూరంలో, పక్కన ఉన్న మమ్మల్ని ఒక్కటీ పట్టించుకోలేదు. అవే డెకాయ్‌లు, అదే పొలం, అదే గాలి.

మన పల్లెల్లో కౌజుల్ని పట్టేవాళ్ళు వల పక్కన పెంపుడు కౌజును పెట్టేవాళ్ళు, దాన్ని దీమం అనేవారు. అమెరికాలో కూడా 1935లో నిషేధించేదాకా బతికున్న బాతుల్నే కట్టేసి దీమంగా వాడారు. బతికున్నది పిలుస్తుంది, తల తిప్పుతుంది, పై దానికి నమ్మకం కలిగిస్తుంది. ప్లాస్టిక్‌ది ఏమీ చెయ్యలేదు. కాబట్టి పై నుంచి చూసే కంటికి అనుమానం రాకుండా చూసే పని మనదే, మనం కూర్చున్న చోటిదే.

జె వైపు మొగ్గడానికి రెండో కారణం మన టెక్సాస్ తీరపు వాతావరణం. ఆగ్నేయపు గాలితో తెల్లవారుతుంది, తొమ్మిదింటికి నార్తర్ (ఉత్తరం నుంచి హఠాత్తుగా వచ్చే చలిగాలి) దిగి గాలి మొత్తం మారిపోతుంది. గాలి పక్కకి తిరిగితే యు నోరు పనికిరాదు, బాతులు చేతుల బయటే దిగుతాయి. తొడలోతు బురదలో 24 డెకాయ్‌లు ఎత్తి మళ్ళీ పరవాలంటే అరగంట, అదీ బాతులు బాగా తిరిగే అరగంట. జెలో చాలాసార్లు తోకలోని ఏడెనిమిదీ మారిస్తే సరిపోతుంది. గాలి పూర్తిగా తిరగబడితే మాత్రం దేన్నైనా మొదటినుంచీ పరవాల్సిందే.

యు గెలిచే చోట్లు కూడా ఉన్నాయి. తుంగలో చిన్న మడుగులాంటి చోట తోక సాగదియ్యడానికి జాగానే ఉండదు. ఆర్కన్సాలో నీళ్ళు నింపిన అడవిలో చెట్ల మధ్య ఖాళీ కూడా అంతే. అక్కడ నీడ ఎక్కువ, మనం చెట్టు కాండాన్ని ఆనుకుని నిలబడతాం, ముఖం సమస్య అంతగా రాదు. మబ్బు పట్టిన రోజు కూడా యు తప్పు కాదు. జెలో ఒక లోపం ఉంది: తోక వైపు కూర్చున్నవాడికే మొదటి అవకాశాలన్నీ దక్కుతాయి. ఎవరు ఎంతవరకు తుపాకి తిప్పాలో ముందే గట్టిగా మాట్లాడుకోవాలి, అరగంటకోసారి చోట్లు మార్చుకోవాలి.

వి ఆకారం యుకి ఇరుకు రూపం, విడిగా చెప్పేదేం లేదు. సెప్టెంబర్‌లో వచ్చే టీల్ అనే చిన్న బాతులు డెకాయ్‌లు ఎలా చల్లినా దిగుతాయి. జనవరిలో, నాలుగు నెలలు తుపాకులు చూసిన బాతులకు ఆకారమే వద్దు. నాలుగు జంటలు విడివిడిగా, పక్కన నుదుట తెల్ల నామం ఉన్న కూట్ (ఒక నీటి పక్షి) డెకాయ్‌లు రెండు, అంతే. రెక్కలు తిరిగే మోటార్ బాతు సీజన్ మొదట్లో లాగుతుంది, చివర్లో బెదరగొడుతుంది. దానికి డబ్బు పెట్టే ముందు తాడు కట్టి లాగే రెండు డెకాయ్‌లు చేసుకోండి. నీటి మీద అల కదిలితే చాలు.

పొద్దున అయిదింటికి పొలంలో దిగగానే సంచీ విప్పకండి. జేబులో చిటికెడు పత్తి ఉంచుకోండి. హెడ్‌లైట్ వెలుగులో దాన్ని వదిలి గాలి ఎటు లాగుతోందో చూడండి, తర్వాత సూర్యుడు ఎక్కడ లేస్తాడో చూడండి. వీపు సూర్యుడికి, చెంప గాలికి వచ్చేలా కూర్చునే చోటు దొరికితే మొదటి డెకాయ్‌ను వంపులో వెయ్యండి. దొరక్కపోతే యు వేసి, ముఖానికి మాస్కు కట్టుకోండి.