గైడ్ రైలు నాబ్‌లకు బదులు ర్యాచెట్ లీవర్లు

ప్లంజ్ రంపపు (బ్లేడును పైనుంచి చెక్కలోకి దించి కోసే విద్యుత్ రంపం) గైడ్ రైలు మీద, అంటే రంపం నేరుగా జరిగేందుకు వాడే గాడి ఉన్న అల్యూమినియం పట్టీ మీద, రంపాన్ని ఒకచోట ఆపే స్టాపును, ఒకే వెడల్పు కోతలకు వాడే సమాంతర గైడును బిగించే చిన్న గుండ్రటి నాబ్‌లు రంపపు పొట్టు అంటిన వేళ్లకు సరిగా పట్టు చిక్కవు కనుక, వాటిని తీసి ఎం6 (6 మిల్లీమీటర్ల మందం) మర ఉన్న ర్యాచెట్ లీవర్లను అమర్చాను. పిడిని పైకి లాగితే లోపలి పళ్లు విడిపోతాయి. అప్పుడు బిగింపు సడలకుండానే దాన్ని రంపానికి అడ్డురాని వైపుకు తిప్పుకోవచ్చు, ఇరుకు చోటనైతే కొద్దికొద్దిగా తిప్పుతూ బిగించవచ్చు. ఈ ఒక్క సౌకర్యానికే పెట్టిన డబ్బు దండగ కాలేదనిపించింది. అయితే కొనేముందు మర పొడవును కొలవడం తప్పనిసరి: అది ఎక్కువైతే గాడి అడుగును తాకి, బిగిసినట్టే అనిపించినా స్టాపు జారుతుంది. పావు అంగుళం మర చూపుకు ఎం6లాగే ఉన్నా మందం 6.35 మిల్లీమీటర్లు, బలవంతంగా ఎక్కిస్తే అల్యూమినియంలోని మరలు చెడిపోతాయి. ప్లాస్టిక్ పిడి కన్నా లోహపు పిడే నాకు నచ్చింది గానీ, దానితో అతిగా బిగిస్తే గాడి అంచులు వంగవచ్చు.