మ్యాచ్ బాగుంది, సెక్యూరిటీ శుద్ధ దండగ (5కి 2)

లండన్‌లో ఒక పెద్ద క్లబ్ స్టేడియానికి లీగ్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి వెళ్లాం, మా ఆయన, బాబు, నేను. క్లబ్ పేరు రాయను, ఈ గోల ఏ ఒక్క క్లబ్‌దీ కాదు. యాప్‌లో టికెట్, స్కానింగ్, సీటు నుంచి ఆట కనిపించే తీరు, వీటికి వంక పెట్టలేం. గేటు దగ్గర నా నీళ్ల బాటిల్ మూత కూడా తీయించారు, లోపల విసురుతామేమోనని!

అసలు కథ హాఫ్‌టైమ్‌లో. పిచ్ కనబడేచోట మందు తాగకూడదని అక్కడ చట్టం ఉంది కాబట్టి జనమంతా స్టాండ్ కింద బార్ మీద ఒక్కసారే ఎగబడతారు. ఒకడు నిండు బీరు గ్లాసు గాల్లోకి విసిరాడు, అది మా బాబు జాకెట్ మీద పడింది, ఇదేంటని అడిగితే మా ఒంటి రంగు గురించి ఓ మాట అనేసి పక్కవాళ్లతో కలిసి పాటందుకున్నాడు. పసుపు కోటు స్టీవార్డ్ (జనాన్ని చూసుకునే స్టేడియం సిబ్బంది) నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. చేసిందల్లా మమ్మల్ని వేరే సీట్లలోకి మార్చడం.

అతన్ని తిట్టీ లాభం లేదులెండి, పోలీసు అధికారాలేవీ ఉండవు. లోపల పోలీసులు కావాలంటే క్లబ్ డబ్బు కట్టాలి, అందుకే చాలా మ్యాచ్‌లకు స్టీవార్డులే దిక్కు. కంప్లయింట్ పెట్టాను. సీసీటీవీ చూశారట, వాడు కూర్చున్న సీటు ఇంకెవరి పేరునో ఉందట, వాడెవడో తేలలేదట. అంతే, ఫైలు మూసేశారు.

చట్టం మెత్తనిదేం కాదు. కోర్టు బ్యానింగ్ ఆర్డర్ వేస్తే కనీసం 3 ఏళ్లు స్టేడియం గడప తొక్కనివ్వరు, టీమ్ విదేశాల్లో ఆడేటప్పుడు పాస్‌పోర్ట్ కూడా అప్పగించాల్సి రావచ్చు. కానీ మనిషి దొరకాలిగా! 2021 యూరో (యూరప్ దేశాల ఫుట్‌బాల్ కప్పు) ఫైనల్ రోజు లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలోకి సుమారు 2,000 మంది టికెట్ లేకుండా తోసుకుపోయారు. యూరప్ ఫుట్‌బాల్‌ని నడిపే సంఘం యూఎఫా ఏం చేసింది? అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి లక్ష యూరోల ఫైన్ వేసి, ఒక మ్యాచ్ ప్రేక్షకులు లేకుండా ఆడమంది. గేట్లు తోసినవాడి జేబులోంచి ఆ ఫైన్‌కి పైసా పోలేదు.

ఆటకి 5, సెక్యూరిటీకి సున్నా, మొత్తం మీద 2. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి చూపిద్దామనుకుంటే ఫ్యామిలీ సెక్షన్‌లోనే బుక్ చేయండి, టీ కావాలంటే హాఫ్‌టైమ్‌కి ఐదు నిమిషాల ముందే దిగి తెచ్చుకోండి.