పాదులో విత్తనమా, దొన్నెలో నారా?

మాఘమాసం సగం గడిచేసరికి పర్లాకిమిడి చుట్టుపక్కల ఇళ్ల పెరళ్లలో బీర, సొర, గుమ్మడి పాదుల పని మొదలవుతుంది. విత్తనాన్ని నేరుగా పాదులో వేయాలా, అడ్డాకు దొన్నెల్లో మొలిపించి నాటాలా అన్నది నేను ఏటా ఆలోచించే విషయమే.

పాదులో వేయడం తేలిక. గుంట తవ్వి, చివికిన గత్తాన్ని (పశువుల పేడ ఎరువును) మట్టిలో కలిపి, రాత్రంతా నానిన గింజలు నాలుగు వేసి, మొలిచాక బలమైన రెండింటిని ఉంచితే చాలు. వేరు కదలదు కనుక తీగ ఆగకుండా సాగుతుంది. అయితే రాత్రి చలికి మట్టి చల్లగా ఉన్నంతకాలం మొలక ఆలస్యమవుతుంది, వచ్చిన లేత ఆకులను ఎర్ర పెంకు పురుగులు జల్లెడలా కొరికేస్తాయి.

దొన్నెలకు శ్రమ ఎక్కువ, అయినా నా మొగ్గు అటే. సంతలో కొన్న అడ్డాకులను సన్నని వెదురు పుల్లలతో కుట్టడానికి పిల్లలు కూడా నా పక్కన కూర్చుంటారు. పుల్ల గుచ్చినప్పుడు ఆకు చిరగకుండా ఈనె పక్కగా గుచ్చాలని వారికి ఇప్పుడు తెలుసు. అడుగున చిన్న రంధ్రం చేసిన దొన్నెలను పగలు ఎండలో, రాత్రి వసారాలో ఉంచవచ్చు. ఈ జాతి తీగలు వేరు తెగితే తేరుకోలేవు కనుక, రెండు మూడు ఆకులు రాగానే దొన్నెతో సహా పాతిపెట్టాలి. ఆకు మట్టిలోనే చివికిపోతుంది.

గింజ పెద్దదై మొలక బలంగా వచ్చే గుమ్మడిని మాత్రం నేను నేరుగా పాదులోనే వేస్తాను.