పాత ఇల్లు: ఉంచుకోవడమా, బాగుచేసి అమ్మడమా?

చందాలతో చారిత్రక గృహాన్ని కాపాడదలచిన సంఘం దానిని కొని శాశ్వతంగా తన వద్దే ఉంచుకోవచ్చు, లేదా మరమ్మతు చేయించి షరతులతో అమ్మవచ్చు. బ్రిటన్‌లోని వారసత్వ పరిరక్షణ సంస్థ నేషనల్ ట్రస్ట్, ఆల్‌ఫ్రిస్టన్ క్లర్జీ హౌస్ అనే గడ్డికప్పు పాత ఇంటిని 1896లో 10 పౌండ్లకే కొన్నది. కానీ అటువంటి ఇంటి గడ్డికప్పును ఎప్పటికప్పుడు బాగుచేయించే ఖర్చు కొన్నవారిని ఎన్నటికీ వదలదు. రెండవ పద్ధతిలో, 1950ల చివర అమెరికాలోని చార్ల్‌స్టన్ నగరంలో హిస్టారిక్ చార్ల్‌స్టన్ ఫౌండేషన్ అనే సంస్థ ఆన్సన్‌బరో పేటలో చేసినట్లు, ఒక ఇల్లు అమ్మగా వచ్చిన సొమ్ము మరొక ఇంటికి పెట్టుబడి అవుతుంది, వెలుపలి రూపాన్ని మార్చరాదన్న షరతు దస్తావేజులోనే ఉండి తరువాతి యజమానులకూ వర్తిస్తుంది. అయితే అక్కడ ధరలు పెరిగి పాత కాపురస్థులు, ముఖ్యంగా పేద నల్లజాతి కుటుంబాలు, తరలిపోవలసి వచ్చింది. ఈ నష్టం జమాఖర్చుల్లో కనిపించదు. వీధి వీధంతా శిథిలమవుతూ నిధి కొద్దిగానే ఉన్నప్పుడు, అద్దెదారులకు రక్షణ కల్పించగలిగితే, నేను అమ్మకానికే మొగ్గుతాను. లోపలి కుడ్యచిత్రాలూ కొయ్యపనీ అపురూపమైనవైతే మాత్రం ఉంచుకోవడమే సబబు.